రెండు చరరాశుల లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కను గ్రాఫుతో సాధించడం ఎలా?

పన్నెండో తరగతి సీబీఎస్‌ఈ గణితంలోనూ, డిగ్రీ, ఎంబీఏ కోర్సుల ఆపరేషన్స్ రీసెర్చ్ పేపర్లలోనూ వచ్చే లెక్క ఇది. సరళరేఖలతో చెప్పగలిగే కొన్ని హద్దులకు లోబడి లాభం వంటిదాన్ని గరిష్ఠం చేయడమో, ఖర్చు వంటిదాన్ని కనిష్ఠం చేయడమో లీనియర్ ప్రోగ్రామింగ్. సరళరేఖ గీయడం బాగా వచ్చినవాళ్ళు కూడా ఇందులో మార్కులు పోగొట్టుకుంటున్నారు. "గ్రాఫు సరిగానే గీశాను, జవాబు మాత్రం తప్పింది, ఎందుకు?" అన్న ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది.

తప్పు చాలాసార్లు గ్రాఫులో ఉండదు. గీయకముందు వాక్యాలను అసమీకరణాలుగా (≤, ≥ గుర్తులతో) మార్చేటప్పుడు ఒకటి జరుగుతుంది. గీసిన తర్వాత నిరూపకాలను కంటితో చదివేటప్పుడు ఇంకొకటి జరుగుతుంది. అందుకే ఈ వ్యాసమంతా ఒక సూత్రాన్ని పట్టుకుని నడుస్తుంది: జవాబు ఏ రెండు గీతలు కలిసిన చోట ఉందో గ్రాఫు చూపిస్తుంది, ఆ జవాబు ఎంతో సమీకరణాలు చెప్పాలి.

మొదటి నుంచి చివరి దాకా ఒకే లెక్కతో నడుద్దాం. పక్కన కాగితం పెట్టుకుని, చదువుతూనే గీయండి.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- గ్రాఫు కాగితం, 30 సెంటీమీటర్ల స్కేలు, బాగా చెక్కిన పెన్సిలు
- రెండు మూడు రంగు పెన్సిళ్ళు (ఒక్కో గీతకు ఒక్కో రంగు వాడితే తికమక తగ్గుతుంది)
- చిత్తు లెక్కకు విడి కాగితం
- రెండు సమీకరణాలను చరరాశిని తొలగించి సాధించే పద్ధతి మీద పట్టు

చివరిది లేకుండా ముందుకు వెళ్ళవద్దు. తొమ్మిదో తరగతి గీతలు, పదో తరగతి సమీకరణాల జతలు వస్తే చాలు, ఈ అధ్యాయానికి కొత్త గణితం దాదాపు అక్కర్లేదు.

2. లెక్కను రెండుసార్లు చదవడం

ఇదీ మన లెక్క. అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి.

ఒక కుట్టు కేంద్రంలో స్కూలు యూనిఫారాలు కుడతారు. ఒక చొక్కాకు కటింగ్ 20 నిమిషాలు, కుట్టు 1 గంట, ఇస్త్రీ 10 నిమిషాలు పడుతుంది. ఒక ప్యాంటుకు కటింగ్ 30 నిమిషాలు, కుట్టు 40 నిమిషాలు, ఇస్త్రీ 10 నిమిషాలు. కటింగ్ మాస్టర్ ఒక్కరే, రోజుకు 7 గంటలు పని చేస్తారు. కుట్టు మిషన్లు రెండు, ఒక్కొక్కటి రోజుకు 8 గంటలు నడుస్తుంది. ఇస్త్రీకి 4 గంటలు కేటాయించగలరు. రోజుకు 10 ప్యాంట్లకు మించి అమ్ముడుపోవు. చొక్కా మీద లాభం 120 రూపాయలు, ప్యాంటు మీద 150. లాభం గరిష్ఠం కావాలంటే రోజుకు ఏవి ఎన్ని కుట్టాలి?

మొదటిసారి చదివేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకోండి: నా చేతిలో ఉన్న నిర్ణయం ఏమిటి? ఎన్ని చొక్కాలు, ఎన్ని ప్యాంట్లు అన్నదే. చరరాశులు అవే. కటింగ్ సమయమో, లాభమో చరరాశి అనుకుంటే లెక్క అక్కడే దారి తప్పుతుంది.

రెండోసారి చదివేటప్పుడు ప్రతి అంకె కిందా గీత గీసి, దాని పక్కన ప్రమాణం రాయండి: నిమిషాలా, గంటలా, రూపాయలా, సంఖ్యా? ఈ లెక్కలో గంటలు, నిమిషాలు కావాలనే కలిపి ఇచ్చాను. పరీక్ష ప్రశ్నల్లోనూ తరచూ అలాగే ఇస్తారు.

3. వాక్యాలను అసమీకరణాలుగా మార్చడం

చొక్కాల సంఖ్య చ, ప్యాంట్ల సంఖ్య ప అనుకుందాం. వస్తువు పేరులోని మొదటి అక్షరాన్నే వాడితే, పేజీ చివరికి వచ్చాక కూడా ఏ అక్షరం దేనిదో వెతుక్కోనక్కర్లేదు. ఏ అక్షరం దేనికో జవాబు పత్రంలో మొదటి వాక్యంగా తప్పక రాయండి.

సమయాలన్నీ నిమిషాల్లోకి మార్చి ఒక్కో వనరును ఒక్కో వరుసలో పెడదాం:

- కటింగ్: 20చ + 30ప ≤ 420. పదితో భాగిస్తే 2చ + 3ప ≤ 42
- కుట్టు: 60చ + 40ప ≤ 960. ఇరవైతో భాగిస్తే 3చ + 2ప ≤ 48
- ఇస్త్రీ: 10చ + 10ప ≤ 240. పదితో భాగిస్తే చ + ప ≤ 24
- అమ్మకం: ప ≤ 10
- రుణ సంఖ్యలు కుదరవు: చ ≥ 0, ప ≥ 0

లక్ష్య ప్రమేయం (గరిష్ఠమో కనిష్ఠమో చేయవలసినది): లాభం లా = 120చ + 150ప. దీన్ని గరిష్ఠం చేయాలి.

కుట్టు దగ్గర కొంచెం ఆగండి. మిషన్లు రెండు కాబట్టి మొత్తం 16 గంటలు, అంటే 960 నిమిషాలు. ఇక్కడ 480 అని రాసేవాళ్ళు చాలామంది. ఒక మిషను సమయాన్నే మొత్తం సమయం అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది.

మాటలను గుర్తులుగా మార్చేటప్పుడు ఈ పట్టిక దగ్గర పెట్టుకోండి:

- "మించకూడదు", "గరిష్ఠంగా", "అందుబాటులో ఉన్నది": ≤
- "కనీసం", "తగ్గకూడదు", "అవసరం": ≥
- "సరిగ్గా": =

నిష్పత్తి వాక్యాలు వీటన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. "చొక్కాలు ప్యాంట్లకు కనీసం రెట్టింపు ఉండాలి" అని ఇస్తే, 2 అన్న అంకెను చొక్కాల పక్కన పెట్టి 2చ ≥ ప అని రాసేస్తారు. సరైనది చ ≥ 2ప. అనుమానం తీరాలంటే అంకెలు వేసి చూడండి. 5 ప్యాంట్లు ఉంటే చొక్కాలు కనీసం 10 ఉండాలి. చ ≥ 2ప లో వేస్తే 10 ≥ 10, సరిపోయింది. 2చ ≥ ప అయితే 3 చొక్కాలున్నా చాలంటుంది, అది మన వాక్యం చెప్పిన మాట కాదు.

గీయకముందు సరిచూసుకోవలసినవి:

- ఒకే అసమీకరణంలో ఉన్న అంకెలన్నీ ఒకే ప్రమాణంలో ఉన్నాయా?
- ప్రశ్నలోని ప్రతి అంకె ఎక్కడో ఒకచోట వాడారా?
- చ ≥ 0, ప ≥ 0 రాశారా?
- లక్ష్య ప్రమేయం పక్కన గరిష్ఠమో కనిష్ఠమో రాశారా?

4. గీతలకు రెండేసి బిందువులు

ప్రతి అసమీకరణంలో గుర్తు తీసి = పెట్టండి. ప = 0 వేసి చ విలువ, చ = 0 వేసి ప విలువ కట్టండి. గీత రెండు అక్షాలనూ తాకే చోట్లు వస్తాయి.

- కటింగ్ గీత: (21, 0), (0, 14)
- కుట్టు గీత: (16, 0), (0, 24)
- ఇస్త్రీ గీత: (24, 0), (0, 24)
- అమ్మకం గీత: ప = 10. చ అక్షానికి సమాంతరంగా, 10 దగ్గర

బిందువులు తారుమారు కావడం ఇక్కడి పెద్ద ప్రమాదం. 2చ + 3ప = 42 కు చ అక్షం మీద 14 గుర్తించేస్తారు. (14, 0) వేసి చూస్తే 2 × 14 = 28 వస్తుంది, 42 రాదు. ప్రతి బిందువునూ ఇలా ఒకసారి సమీకరణంలో వేసి చూడటానికి ఎక్కువ సమయం పట్టదు.

గీత మూలబిందువు గుండా పోయేదైతే, ఉదాహరణకు చ = 2ప, రెండు బిందువులూ (0, 0) గానే వస్తాయి. అప్పుడు పకు వేరే విలువ ఇచ్చి రెండో బిందువు తెచ్చుకోవాలి. ప = 5 వేస్తే (10, 5).

5. స్కేలు నిర్ణయించి గీయడం

వచ్చిన బిందువుల్లో పెద్ద సంఖ్య 24. రెండు అక్షాల మీదా 1 సెంటీమీటరుకు 2 యూనిట్లు తీసుకుంటే 12 సెంటీమీటర్లలో సరిపోతుంది. స్కేలు గ్రాఫు కుడివైపు పై మూలలో రాయండి. రెండు అక్షాలకూ ఒకే స్కేలు ఉండాలన్న నియమం లేదు, అయితే 10వ అడుగులో లాభరేఖను (ఒకే లాభం ఇచ్చే బిందువుల గీతను) జరిపే పని ఉంది కాబట్టి ఒకటే ఉంటే వాలును చూడటం తేలిక.

అడ్డంగా చ, నిలువుగా ప. రుణ సంఖ్యలు రావు కాబట్టి మొదటి పాదం ఒక్కటే చాలు. మూలబిందువును కాగితం మధ్యలో పెట్టి మూడు వంతుల స్థలం వృథా చేయవద్దు. కింద ఎడమ మూలకు దగ్గరగా పెట్టండి.

ప్రతి గీత పక్కన దాని సమీకరణం రాయండి. ఏ గీత ఏదో తెలియకపోతే తర్వాతి అడుగుల్లో చేసేదంతా ఊహాగానమే.

6. గీతకు ఏ పక్క మనది?

ఒక పరీక్ష బిందువును అసమీకరణంలో వేయండి. గీత మూలబిందువు గుండా పోకపోతే (0, 0) కన్నా తేలికైనది లేదు. కటింగ్‌లో 0 + 0 ≤ 42 నిజమే, కాబట్టి మూలబిందువు ఉన్న పక్క మనది. కుట్టు, ఇస్త్రీ, అమ్మకం అన్నిటికీ ఇదే ఫలితం.

గీత మూలబిందువు గుండానే పోతే (0, 0) పనికిరాదు. గీత మీద లేని (5, 0) వంటి బిందువును తీసుకోండి.

"≤ అంటే కింద, ≥ అంటే పైన" అన్న అడ్డదారిని నమ్మవద్దు. గుణకాల్లో రుణ గుర్తు వచ్చిన మరుక్షణం అది తప్పుతుంది. చ − ప ≤ 4 ను చూడండి. (0, 0) వేస్తే నిజం. ఆ పక్క గీతకు పైన ఉంది, కింద కాదు.

ప్రతి అసమీకరణానికీ మొత్తం సగం తలాన్ని రంగుతో నింపితే నాలుగు రంగులు కలిసి ఏదీ కనబడదు. గీత మీద రెండు మూడు చోట్ల మన పక్కకు చిన్న బాణాలు పెట్టండి, అన్ని బాణాలూ ఒప్పుకున్న ప్రాంతాన్ని చివర్లో ఒక్కసారే నింపండి.

7. సాధ్య ప్రాంతాన్ని గుర్తించడం

అన్ని నిబంధనలకూ ఒకేసారి లోబడే బిందువులన్నీ కలిసినదే సాధ్య ప్రాంతం. మన గ్రాఫులో ఇది ఐదు భుజాల ఆకారం. మూలబిందువు నుంచి చ అక్షం మీదుగా 16 దాకా, అక్కడి నుంచి కుట్టు గీత వెంట పైకి, తర్వాత కటింగ్ గీత వెంట ఎడమ పైకి, ప = 10 గీత వెంట నిలువు అక్షానికి, అక్కడి నుంచి కిందికి.

ఇస్త్రీ గీత ఎక్కడా ఈ ప్రాంతాన్ని తాకలేదు, గమనించారా? మిగతా నిబంధనలు పాటిస్తే ఇస్త్రీ నిబంధన దానంతటదే పాటింపబడుతుంది. ఇలాంటిదాన్ని అనవసర నిబంధన అంటారు. గీత తప్పు గీశానేమోనని కంగారుపడి దాన్ని చెరిపేయకండి, కొత్తగా శీర్షాలు (ప్రాంతపు మూలలు) సృష్టించనూ వద్దు. గ్రాఫులో అలాగే ఉంచి "ఈ నిబంధన ప్రాంతాన్ని ప్రభావితం చేయదు" అని ఒక వాక్యం రాయండి.

ఆకారంలో లోపలికి వంగిన మూల కనిపిస్తే ఎక్కడో పక్క తప్పు పట్టారని అర్థం. సరళరేఖా నిబంధనలతో వచ్చే ప్రాంతం ఎప్పుడూ కుంభాకారమే.

8. శీర్షాలను లెక్కగట్టడం

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన అడుగు ఇదే. శీర్షం అంటే సాధ్య ప్రాంతం సరిహద్దు మీది మూల. రెండు గీతలు ఖండించుకున్న ప్రతి చోటూ శీర్షం కాదు.

అక్షాల మీద ఉన్నవి నేరుగా వచ్చేస్తాయి: (0, 0), (16, 0), (0, 10).

కటింగ్, కుట్టు గీతలు కలిసే చోటు:

2చ + 3ప = 42 ను 3తో గుణిస్తే 6చ + 9ప = 126
3చ + 2ప = 48 ను 2తో గుణిస్తే 6చ + 4ప = 96
తీసివేస్తే 5ప = 30, ప = 6. అప్పుడు 2చ = 24, చ = 12. శీర్షం (12, 6).

కటింగ్ గీత, ప = 10 కలిసే చోటు: 2చ + 30 = 42, చ = 6. శీర్షం (6, 10).

ఇక ఉచ్చు ఎక్కడుందో చూడండి. కుట్టు గీత కూడా ప = 10 ను ఖండిస్తుంది: 3చ + 20 = 48, చ = 9.33. ఈ బిందువు దగ్గర లాభం కడితే 120 × 9.33 + 150 × 10, సుమారు 2620 రూపాయలు. పెద్ద సంఖ్య కాబట్టి జవాబు ఇదేనని రాసేస్తారు. కానీ కటింగ్‌లో వేయండి: 2 × 9.33 + 30 = 48.67. మన దగ్గర ఉన్నది 42. కటింగ్ మాస్టర్‌కు అంత సమయం లేదు. (21, 0) కూడా ఇలాంటిదే. లాభం 2520 చూపిస్తుంది, కుట్టుకు మాత్రం 63 కావాలంటుంది, ఉన్నది 48.

నియమం పెట్టుకోండి: ప్రతి ఖండన బిందువునూ మిగతా అన్ని నిబంధనల్లోనూ వేసి, అన్నిట్లో నెగ్గినదాన్నే పట్టికలోకి తీసుకోవాలి.

కంటితో చదివి నిరూపకాలు రాయడం ఎందుకు వద్దంటున్నానంటే, (12, 6) లాంటి చక్కని జవాబుల దగ్గర అది పని చేసినట్టే కనిపిస్తుంది. (13.8, 4.8) వచ్చినప్పుడు 1 సెంటీమీటరుకు 2 యూనిట్ల స్కేలు మీద (14, 5) లాగే కనబడుతుంది. ఈ చిన్న తేడా ఎంత నష్టం చేస్తుందో 12వ భాగంలో చూస్తాం.

9. లక్ష్య ప్రమేయం విలువల పట్టిక

- (0, 0): 0
- (16, 0): 1920
- (12, 6): 1440 + 900 = 2340
- (6, 10): 720 + 1500 = 2220
- (0, 10): 1500

గరిష్ఠ లాభం 2340 రూపాయలు, 12 చొక్కాలు, 6 ప్యాంట్లు కుట్టినప్పుడు.

పట్టికలో (0, 0) ను వదిలేయకండి. గరిష్ఠం అడిగినప్పుడు దాని అవసరం కనిపించదు. కానీ ఐదు శీర్షాలున్నప్పుడు నాలుగే రాస్తే పట్టిక అసంపూర్ణం.

10. సమలాభ రేఖతో సరిచూసుకోవడం

శీర్షాల పట్టిక చాలు కదా అనవచ్చు. జవాబు ఎందుకు అక్కడే ఉందో అర్థం కావాలంటే మాత్రం ఈ అడుగు వేయాలి. ఇది వచ్చినవాళ్ళు పట్టికలో కూడిక తప్పినా వెంటనే పట్టుకుంటారు.

120కి, 150కి క.సా.గు. 600. లాభం 600 అనుకోండి: 120చ + 150ప = 600. బిందువులు (5, 0), (0, 4). ఈ గీత మీద ఎక్కడ నిలబడ్డా లాభం 600 రూపాయలే. లాభం 1200 అనుకుంటే (10, 0), (0, 8). రెండూ సమాంతరంగా ఉన్నాయి, రెండోది మూలబిందువుకు దూరంగా ఉంది.

స్కేలును ఆ గీత వెంట పెట్టి, వాలు మారకుండా బయటివైపు నెమ్మదిగా జరపండి. సాధ్య ప్రాంతాన్ని వదిలిపోయే ముందు చివరిగా తాకే చోటు (12, 6). అదే జవాబు.

ఇదే సంగతిని గీయకుండా కూడా చూడవచ్చు. మూడు గీతలూ కుడివైపు కిందికి వాలినవే. నిటారుతనం కటింగ్ గీతకు 2/3, కుట్టు గీతకు 3/2, లాభరేఖకు 120/150, అంటే 4/5. లాభరేఖ నిటారుతనం ఆ రెండింటి మధ్య పడింది కాబట్టి ఆ రెండు గీతలు కలిసిన మూలే గెలిచింది.

దీంతో ఇంకో ఉపయోగం ఉంది. ప్యాంటు లాభం 150 దగ్గరే ఉంటే, చొక్కా లాభం 100 నుంచి 225 రూపాయల మధ్య ఎంత మారినా 12 చొక్కాలు, 6 ప్యాంట్ల ప్రణాళిక మార్చనక్కర్లేదు. కుట్టు కేంద్రం నడిపేవారికి 2340 అన్న అంకె కన్నా ఈ సమాచారమే ఎక్కువ పనికొస్తుంది.

చొక్కా లాభం సరిగ్గా 100 అయితే? లాభరేఖ కటింగ్ గీతకు సమాంతరమవుతుంది. (12, 6) దగ్గర 2100, (6, 10) దగ్గర కూడా 2100. అప్పుడు ఆ రెంటినీ కలిపే రేఖాఖండం మీది ప్రతి బిందువూ జవాబే. (9, 8) వేసి చూడండి, 900 + 1200, అదీ 2100. పరీక్షలో రెండు పక్కపక్క శీర్షాల విలువలు సమానంగా వస్తే ఒకదాన్ని ఎంచుకుని ఊరుకోకండి, ఆ రేఖాఖండమంతా జవాబని రాయండి.

11. కనిష్ఠం అడిగినప్పుడు, ప్రాంతానికి హద్దు లేనప్పుడు

ఇంకో లెక్క. పాడి పశువుకు రోజూ తవుడు, వేరుశనగ గానుగ చెక్క కలిపి కనీసం 5 కిలోల దాణా ఇవ్వాలి. అందులో మాంసకృత్తులు 1100 గ్రాములకు తగ్గకూడదు. లెక్క సులువుగా ఉండేందుకు కిలో తవుడులో 100 గ్రాములు, కిలో చెక్కలో 400 గ్రాములు ఉన్నాయనుకుందాం. తవుడు కిలో 20 రూపాయలు, చెక్క 50. ఖర్చు కనిష్ఠం కావాలి.

తవుడు త కిలోలు, గానుగ చెక్క గ కిలోలు:

- బరువు: త + గ ≥ 5
- మాంసకృత్తులు: 100త + 400గ ≥ 1100, అంటే త + 4గ ≥ 11
- త ≥ 0, గ ≥ 0
- ఖర్చు ఖ = 20త + 50గ, కనిష్ఠం

(0, 0) వేస్తే 0 ≥ 5 అబద్ధం. కాబట్టి మూలబిందువు లేని పక్క మనది. ప్రాంతం పైకి, కుడివైపుకి హద్దు లేకుండా సాగిపోతుంది.

శీర్షాలు మూడు. (11, 0) దగ్గర ఖర్చు 220. (0, 5) దగ్గర 250. రెండు గీతలూ కలిసే చోట 3గ = 6, గ = 2, త = 3. అక్కడ ఖర్చు 60 + 100 = 160.

ఇక్కడ ఆగిపోతే పని పూర్తి కాలేదు. ప్రాంతానికి హద్దు ఉంటే గరిష్ఠం, కనిష్ఠం రెండూ ఏదో ఒక శీర్షం దగ్గర తప్పక ఉంటాయి. హద్దు లేకపోతే ఆ హామీ లేదు. శీర్షాల్లో చిన్నది 160 కాబట్టి 20త + 50గ < 160, అంటే 2త + 5గ < 16 అన్న సగం తలాన్ని గీయండి. దాని గీత (8, 0), (0, 3.2) గుండా పోతుంది. దాన్ని చుక్కల గీతగా గీయాలి, ఎందుకంటే సమానం గుర్తు లేదు. ఆ గీత సాధ్య ప్రాంతాన్ని (3, 2) దగ్గర మాత్రమే తాకుతుంది. దాని లోపలి పక్కకూ సాధ్య ప్రాంతానికీ ఉమ్మడి బిందువు ఒక్కటీ లేదు. కాబట్టి 160 నిజంగానే కనిష్ఠం. ఉమ్మడి బిందువు దొరికి ఉంటే కనిష్ఠం లేదని రాయాల్సి వచ్చేది.

ఇదంతా లాంఛనం కాదు. ఇదే ప్రాంతం మీద 2త − గ కు కనిష్ఠం అడిగితే శీర్షాల్లో చిన్న విలువ (0, 5) దగ్గర −5. కానీ (0, 6) కూడా ప్రాంతంలోనిదే, అక్కడ −6. ఇంకా పైకి పోయే కొద్దీ ఇంకా తగ్గుతుంది. కనిష్ఠమే లేదు.

నిజ జీవితపు లెక్కలో లాభానికి హద్దు లేదని తేలితే సంతోషించకండి. ఏదో ఒక నిబంధన రాయడం మరిచిపోయారు. దాణా లెక్కలోనే, పశువు రోజుకు ఎంత తినగలదన్న పై హద్దు మనం పెట్టలేదు.

ఇక అసలు ప్రాంతమే లేని సందర్భం. కుట్టు కేంద్రం రోజుకు కనీసం 15 చొక్కాలు, 8 ప్యాంట్లు ఇస్తానని మాటిచ్చిందనుకోండి. కటింగ్‌కు 2 × 15 + 3 × 8 = 54 కావాలి, ఉన్నది 42. అన్ని నిబంధనలకూ ఒప్పుకునే బిందువు ఒక్కటీ లేదు. "సాధ్య ప్రాంతం లేదు, కాబట్టి సాధన లేదు" అని రాయండి. అది పూర్తి మార్కుల జవాబే.

12. పూర్ణాంకాలే కావలసినప్పుడు

కుట్టు సమయం 16 గంటలకు బదులు 17 గంటలైందనుకుందాం. అప్పుడు 3చ + 2ప ≤ 51. కటింగ్ గీతతో కలిపి సాధిస్తే 5ప = 24, ప = 4.8, చ = 13.8. లాభం 1656 + 720 = 2376.

చొక్కాను 0.8 వంతు అమ్మలేం. చాలామంది దగ్గరి సంఖ్యకు మార్చి (14, 5) అంటారు. కటింగ్‌లో 28 + 15 = 43, ఒకటి మించింది, కుదరదు. కిందికి దించి (13, 4) అంటే కుదురుతుంది, కానీ లాభం 2160కి పడిపోయింది. చుట్టుపక్కల వెతికితే (14, 4) దగ్గర 2280, (13, 5) దగ్గర 2310. ఇక్కడితో ఆగినా పొరపాటే, ఎందుకంటే (12, 6) దగ్గర 2340 ఉంది. పూర్ణాంకాల్లో అదే ఉత్తమం.

అంటే గంట సమయం పెరిగినా, ఆ రోజుకు ఆ రోజే పూర్తి బట్టలు లెక్కపెడితే లాభం ఒక్క రూపాయి పెరగలేదు! కాగితం మీద మాత్రం 36 రూపాయలు పెరిగినట్టు కనిపించింది.

పద్ధతి ఇది: శీర్షం దగ్గర సమలాభ రేఖను పెట్టి, లోపలివైపు కొద్దికొద్దిగా జరుపుతూ మొదట తగిలే పూర్ణాంక బిందువును పట్టుకోండి. చిన్న గళ్ళున్న గ్రాఫు కాగితం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది.

సగం కుట్టిన చొక్కాను మర్నాడు కొనసాగించే వీలుంటే సంగతి వేరు. రోజుకు 13.8, 4.8 అంటే ఐదు రోజుల్లో 69 చొక్కాలు, 24 ప్యాంట్లు. అప్పుడు భిన్నమే సరైన జవాబు. పూర్ణాంకం కావాలో వద్దో వస్తువును బట్టి, సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి.

13. జవాబు రాయడం

"చ = 12, ప = 6" అని ముగించకండి. ప్రశ్న ఏ మాటల్లో అడిగిందో ఆ మాటల్లోనే జవాబివ్వాలి: రోజుకు 12 చొక్కాలు, 6 ప్యాంట్లు కుడితే గరిష్ఠ లాభం 2340 రూపాయలు.

దాని కింద వనరుల లెక్క చూపితే జవాబు మీకే నమ్మకంగా ఉంటుంది:

- కటింగ్: 240 + 180 = 420 నిమిషాలు, మొత్తం వాడుకున్నారు
- కుట్టు: 720 + 240 = 960 నిమిషాలు, మొత్తం వాడుకున్నారు
- ఇస్త్రీ: 180 నిమిషాలు, ఇంకా 60 మిగిలాయి
- ప్యాంట్లు: 6, హద్దు 10

పూర్తిగా ఖర్చయిన రెండు వనరులూ, జవాబు శీర్షం మీద కలిసిన రెండు గీతలూ ఒకటే కావాలి. కాకపోతే వెనక్కి వెళ్ళి 8వ అడుగు మళ్ళీ చేయండి.

14. ఏదో తేడాగా ఉందనిపిస్తే

*ఒక గీత కాగితం దాటి చాలా దూరం పోతోంది, లేదా మూలబిందువుకు అతుక్కుపోయింది.* దాదాపు ఎప్పుడూ ప్రమాణాల తప్పే. గంటలు, నిమిషాలు, గ్రాములు, కిలోలు మళ్ళీ చూడండి.

*ప్రాంతం గీతకు అవతలి పక్కన వచ్చింది.* రుణ సంఖ్యతో గుణించినప్పుడో భాగించినప్పుడో గుర్తు తిప్పడం మరిచిపోయి ఉంటారు. −2చ ≤ −10 అంటే చ ≥ 5.

*పట్టికలో గరిష్ఠం అనుకున్న బిందువు గ్రాఫులో రంగు వేసిన చోట లేదు.* అది శీర్షం కాదు, కొట్టేయండి.

*మూడు గీతలు ఒకే బిందువులో కలిశాయి.* తప్పు కానక్కర్లేదు. మన మొదటి లెక్కకు చ ≥ 2ప నిబంధన చేర్చి చూడండి, అది సరిగ్గా (12, 6) గుండా పోతుంది. ఏ రెండు గీతలతో సాధించినా అదే బిందువు వస్తుంది.

15. మీరు చేయడానికి ఒకటి

ఒక మిఠాయి దుకాణంలో కిలో లడ్డూకు 500 గ్రాముల చక్కెర, 200 గ్రాముల నెయ్యి కావాలి. కిలో మైసూర్‌పాక్‌కు 400 గ్రాముల చక్కెర, 600 గ్రాముల నెయ్యి. ఉన్నవి 14 కిలోల చక్కెర, 10 కిలోల నెయ్యి. లడ్డూకు ముందే వచ్చిన ఆర్డరు 10 కిలోలు, అది తప్పక ఇవ్వాలి. కిలోకు లాభం లడ్డూ మీద 80, మైసూర్‌పాక్ మీద 150 రూపాయలు. గరిష్ఠ లాభం ఎంత?

సాధ్య ప్రాంతానికి నాలుగు శీర్షాలు రావాలి, మూలబిందువు వాటిలో ఉండకూడదు. ఒక శీర్షంలో భిన్నం వస్తుంది, కంగారుపడవద్దు. 20 కిలోల లడ్డూ, 10 కిలోల మైసూర్‌పాక్ దగ్గర 3100 రూపాయలు వస్తే మీ లెక్క సరైనదే. 2500 వచ్చి ఉంటే ఆర్డరు నిబంధనను గ్రాఫులో గీయడం మరిచిపోయి, నిలువు అక్షం మీది బిందువును జవాబుగా తీసుకున్నారు.